హారంలో ఎవరున్నారు?

కిక్‌స్టార్టర్‌లో చందా కోసం నిలబడిన ప్రాజెక్టుల్లో నూటికి ఎన్ని గట్టెక్కుతాయి? దీనికి జవాబు చెప్పడానికి గణాంకశాస్త్రంలో పట్టా అక్కర్లేదు, ఎక్సెల్ చాలు. 2009 నుంచి 2018 జనవరి మొదటి రోజుల దాకా ఆ వేదిక మీదికి వచ్చిన ప్రాజెక్టుల జాబితా ఒకటి కాగుల్ వెబ్‌సైట్‌లో ఎవరైనా దించుకునేలా ఉంది. తెరిస్తే 3,78,661 వరుసలు. ఒక్కో వరుస ఒక్కో ప్రాజెక్టు: పేరు, విభాగం, ఎంత అడిగారు, ఎంత వచ్చింది, ఎంతమంది ఇచ్చారు, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, చివరికి ఏమైంది. ఆ ఫలితం కాలమ్‌లో ‘సఫలం’ అని ఉన్నవి 1,33,956. మొత్తం వరుసలతో భాగిస్తే 35.4 శాతం. అయితే అదే ఫైలు తెరిచిన రెండో మనిషి 36.2 అంటాడు, మూడో మనిషి 40.4 అంటాడు. ముగ్గురిలో ఎవరూ లెక్క తప్పలేదు. పైన ఉన్న లవం ముగ్గురికీ ఒకటే. కింద హారంలో ఎవరెవరిని కూర్చోబెట్టారన్న దగ్గరే తేడా. స్ప్రెడ్‌షీట్‌తో క్రౌడ్‌ఫండింగ్ ఫలితాలను చదివేవారు ఫార్ములాల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఈ హారం మీద పెట్టరు. ఫార్ములా టైపు చేయకముందే జవాబులో చాలా భాగం ఖాయమైపోతుందన్నది ఇక్కడి వాదన.

పదిమంది దగ్గర పోగేసి ఒక పని చేయడం కొత్త సంగతేమీ కాదు. 1885లో న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ పీఠానికి డబ్బు చాలకపోతే జోసెఫ్ పులిట్జర్ తన ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో పిలుపునిచ్చి లక్ష డాలర్లకు పైగా రాబట్టాడు. ఇచ్చినవారి సంఖ్యా లక్ష దాటింది. మన దేశంలో శ్యామ్ బెనెగళ్ ‘మంథన్’ సినిమాకు 1976లో గుజరాత్ పాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకున్నారు. 2009 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో మొదలైన కిక్‌స్టార్టర్ ఈ పాత అలవాటుకు ఒక కఠినమైన షరతు తగిలించింది. అడిగిన మొత్తం గడువులోగా పూర్తిగా వస్తేనే డబ్బు చేతికి వస్తుంది, ఒక్క డాలర్ తగ్గినా ఎవరి డబ్బు వారి దగ్గరే ఉండిపోతుంది. గడువు గరిష్ఠంగా అరవై రోజులు. గెలిచినవారి నుంచి కంపెనీ ఐదు శాతం తీసుకుంటుంది, కార్డు చెల్లింపుల ఖర్చు దానికి అదనం. ఈ షరతు వల్ల ప్రతి ప్రయత్నానికీ అవును, కాదు అన్నంత స్పష్టమైన ముగింపు దొరికింది. స్ప్రెడ్‌షీట్‌కు ఇంతకన్నా ఇష్టమైన సరుకు ఉండదు. ఎక్సెల్ నేర్పే కోర్సుల్లో కిక్‌స్టార్టర్ ఫైలు అభ్యాసపాఠంగా మారడానికి కారణం ఇదే. ఆ స్పష్టత ఎంతవరకు నిజమో కాస్త ఆగి చూడాలి.

ఫలితం కాలమ్‌లో నిజానికి రెండు కాదు, ఆరు మాటలున్నాయి. సఫలం కాక, విఫలం 1,97,719. మధ్యలో తామే రద్దు చేసుకున్నవి 38,779. ఇంకా నడుస్తున్నవి 2,799. నిబంధనలు మీరినందుకు కంపెనీ నిలిపేసినవి 1,846. ఏమైందో నమోదు కానివి 3,562. నడుస్తున్న వాటిని హారంలో కలపడం తప్పని ఎవరైనా ఒప్పుకుంటారు. పరీక్ష రాస్తున్న పిల్లవాణ్ణి ఫెయిలైనవారిలో లెక్కేయం కదా. అసలు చిక్కు రద్దు చేసుకున్నవారి దగ్గర ఉంది. గడువు దగ్గర పడుతున్నా చందా కదలకపోతే, నలుగురిలో ఓడిపోయినట్టు కనబడకుండా ముందే తప్పుకున్నవారు వీరిలో ఉంటారు. డిజైన్‌లో లోపం బయటపడి నిజాయతీగా ఆపేసినవారూ ఉంటారు. పట్టికలో ఇద్దరి వరుసలూ ఒకేలా కనిపిస్తాయి. వీరిని పూర్తిగా తీసేసి సఫలం, విఫలం రెంటినే ఉంచితే 40.4 వస్తుంది, ఆ రెంటికీ వీరినీ కలిపితే 36.2. అంటే ఒక్క ఫిల్టర్ గడిలో టిక్కు పెట్టడమా తీసెయ్యడమా అన్నది నాలుగు శాతం తేడా తెస్తోంది. తెలుగులో ఈ శాతాన్ని ‘విజయావకాశం’ అనడం వల్ల ఇది ఇంకా చిక్కవుతుంది. అవకాశం అనగానే అది ప్రకృతి ధర్మంలా, నాణెం ఎగరేసినట్టు అనిపిస్తుంది. మనం గీసిన గీతను బట్టి మారేదాన్ని ప్రకృతి ధర్మం అనలేం. నా మటుకు నేను 36.2 వైపు మొగ్గుతాను: చేతులెత్తేయడం కూడా ఒక ఫలితమే. కాదనే హక్కు చదివేవారికి ఉంది, ఏ హారం వాడామో పక్కన రాసి ఉంచితే చాలు.

హారం దాకా వెళ్లకముందే ఇంకో పని ఉంది, దాన్ని పని అని కూడా ఎవరూ అనుకోరు. శుభ్రం చేయడం. ఎక్సెల్ దృష్టిలో తేదీ అంటే 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని లెక్కించిన రోజుల సంఖ్య. కిక్‌స్టార్టర్ పేజీల నుంచి నేరుగా రాబట్టిన ఫైళ్లలో మాత్రం తేదీ స్థానంలో 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు ఉంటాయి. ఉదాహరణకు 1,33,41,02,400 అన్న అంకె. దాన్ని రోజుకున్న 86,400 సెకన్లతో భాగిస్తే 15,441 రోజులు. 1970 జనవరి 1కి ఎక్సెల్ ఇచ్చే సంఖ్య 25,569ని కలిపితే 41,010. ఆ గడిని తేదీ రూపంలోకి మారిస్తే 2012 ఏప్రిల్ 11 కనిపిస్తుంది. పెబుల్ స్మార్ట్‌వాచ్ చందాకు నిలబడింది ఆ రోజే. లక్ష డాలర్లు అడిగితే కోటీ రెండు లక్షలకు పైగా వచ్చాయి. 25,569లో ఒక దొంగ రోజు కూడా దాగి ఉంది. 1900 లీపు సంవత్సరం కాదు, అయినా పాత లోటస్ 1-2-3 చేసిన పొరపాటును ఎక్సెల్ తెలిసీ కొనసాగిస్తూ లేని ఫిబ్రవరి 29ని లెక్కలో ఉంచింది. ఇక కాగుల్ ఫైలులో ఏడు ప్రాజెక్టులు 1970లో మొదలైనట్టు నమోదయ్యాయి. కిక్‌స్టార్టర్ పుట్టడానికి ముప్పై తొమ్మిదేళ్ల ముందు! తేదీ లేనిచోట కంప్యూటర్ సున్నా రాసుకుంది, ఆ సున్నాను ఇంకెవరో తేదీగా మార్చారు, అంతే. దేశం కాలమ్‌లో 3,797 వరుసల్లో ఏ దేశం పేరూ లేదు; ఎన్ అక్షరం, కామా, సున్నా, ఒక కొటేషన్ గుర్తు, ఇవే ఉన్నాయి. అడిగిన మొత్తం కాలమ్‌లో ఎవరి కరెన్సీ వారిది. పది లక్షలు అని ఉన్న జపాన్ ప్రాజెక్టు అడిగినది యెన్‌లలో, 2017 మారకం ధరకు అది సుమారు తొమ్మిది వేల డాలర్లే. డాలర్లలోకి మార్చిన కాలమ్ పక్కనే ఉన్నా చూడనివారికి జపానీయులు అత్యాశాపరుల్లా కనిపిస్తారు.

ఇవన్నీ చిల్లర పొరపాట్లని తీసిపారేయడానికి వీల్లేదు. 2020 శరదృతువులో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ కోవిడ్ ఫలితాలను పాత ఎక్సెల్ రూపంలోకి ఎక్కిస్తుంటే దాదాపు 16 వేల కేసులు లెక్కలోంచి జారిపోయాయి. పాత రూపంలో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి, మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోతాయి. మన కిక్‌స్టార్టర్ జాబితాను అదే పాత రూపంలో దాస్తే ఆరింట ఒక వంతు మిగులుతుంది. కొత్త ఎక్సెల్‌లో 10,48,576 వరుసలు పడతాయి కాబట్టి ఆ ప్రమాదం లేదు. అయినా హారం మన అనుమతి లేకుండా కుంచించుకుపోగలదన్న సంగతి గుర్తుండాలి.

ఇప్పుడు సగటు దగ్గరికి వద్దాం. ఈ పట్టికలో ఒక ప్రాజెక్టుకు వచ్చిన సగటు మొత్తం 9,059 డాలర్లు. వినడానికి బాగుంది. వరుసలన్నిటినీ వచ్చిన డబ్బు ప్రకారం పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని చూస్తే, అంటే మన పాఠ్యపుస్తకాల్లోని మధ్యగతాన్ని చూస్తే, 624 డాలర్లు. మద్దతుదారుల సగటు 106 మంది, మధ్యగతం 12. పన్నెండు మంది అంటే ఇంట్లోవాళ్లు, ఆఫీసులో పక్క సీటువాళ్లు, ఒకరిద్దరు పాత మిత్రులు. సగం ప్రాజెక్టులు ఆ గీత దగ్గరో కిందో ఆగిపోయాయి. సగటును పైకి లాగినవి కొద్ది మహావృక్షాలు: 2015లో ‘ఎక్స్‌ప్లోడింగ్ కిటెన్స్’ అనే పేకాట తరహా ఆటకు 2,19,382 మంది చందా వేశారు; అదే ఏడాది పెబుల్ రెండోసారి అడిగితే రెండు కోట్ల డాలర్లు దాటాయి. కొత్తగా దిగేవారు 9,059 చూసి బడ్జెట్ వేసుకుంటే, తాటిచెట్టు నీడను కొలిచి తులసికోట కట్టినట్టు ఉంటుంది. తలసరి చందా లెక్కలో ఇంకో మెలిక ఉంది. మొత్తం డబ్బును మొత్తం మనుషులతో భాగిస్తే మనిషికి సుమారు 86 డాలర్లు వస్తుంది. అలా కాక ప్రతి వరుసకూ విడిగా తలసరి చందా కట్టి, ఆ కాలమ్‌కు సగటు తీస్తే ఇంకో అంకె వస్తుంది. మొదటి పద్ధతిలో ప్రతి మనిషికీ ఒక ఓటు, రెండో పద్ధతిలో ప్రతి ప్రాజెక్టుకూ ఒక ఓటు. పన్నెండు మంది ఇచ్చిన ప్రాజెక్టుకూ రెండు లక్షల మంది ఇచ్చినదానికీ సమాన గౌరవం దక్కుతుంది. పైగా ఒక్కరూ ఇవ్వని వరుసల్లో సున్నాతో భాగించలేక ఎక్సెల్ ఎర్రర్ చూపిస్తుంది. దాన్ని కప్పిపుచ్చడానికి చాలామంది ఇఫ్ఎర్రర్ ఫార్ములా పెట్టి సున్నా రాయిస్తారు. సున్నా రాయిస్తే సగటు కిందికి దిగుతుంది, ఖాళీ వదిలితే ఆ వరుస హారంలోంచే మాయమవుతుంది. అందం కోసం పెట్టిన ఫార్ములా చడీచప్పుడు లేకుండా తీర్పు చెప్పేసింది.

అడిగినదానిలో ఎంత శాతం వచ్చిందన్న కాలమ్‌కు సగటు కట్టడం మరీ ప్రమాదం. 2014లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒకాయన బంగాళాదుంప సలాడ్ చేసుకోవడానికి పది డాలర్లు అడిగాడు. అదొక పరిహాసం. జనం 55,492 డాలర్లు ఇచ్చారు, అంటే 5,54,920 శాతం. అలాంటి ఒక్క వరుస వేల వరుసల సగటును మింగేస్తుంది. ఇక ఫైలులో ఒక్క సెంటు అడిగినవారూ ఉన్నారు. ఈ కాలమ్‌ను సగటుగా కాక ఆకారంగా చూడాలి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు వార్టన్ స్కూల్ ఆచార్యుడు ఈథన్ మొలిక్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 48,500 ప్రాజెక్టులను అలాగే చూశాడు. ఓడిపోయిన వాటిలో అడిగినదానిలో 30 శాతానికి చేరినవి పదింట ఒకటి, సగానికి చేరినవి నూటికి మూడు. గెలిచిన వాటిలో నాలుగో వంతు అడిగినదానికి మించి మూడు శాతం లోపే సంపాదించాయి. ఓడితే ఆమడ దూరంలో ఓడతారు, గెలిస్తే జానెడు తేడాతో గెలుస్తారు. పట్టీల పటం గీస్తే రెండు కొండలు, మధ్యలో ఖాళీ లోయ కనిపిస్తుంది. ఆ రెండు కొండలకు సగటు తీస్తే వచ్చే అంకె ఎవరూ నివసించని లోయలో పడుతుంది.

ఇక పట్టికలో అందరూ వెతికే రహస్యం: ఎంత అడగాలి? లక్ష్యాలను వెయ్యి లోపు, వెయ్యి నుంచి ఐదు వేలు, ఐదు నుంచి పది వేలు అంటూ విడగొట్టి, కౌంటిఫ్స్ ఫార్ములాతో ఒక్కో అంతస్తులో గెలిచినవారిని, ఓడినవారిని లెక్కించి గీత గీస్తే అది మెట్లు దిగినట్టు దిగుతుంది. ఎక్కువ అడిగేకొద్దీ గెలుపు శాతం తగ్గుతుంది. కాబట్టి తక్కువ అడగండి అన్న సలహా వెంటనే పుడుతుంది. ఈ సలహాలో ఒక సొగసైన మోసం ఉంది, దాన్ని కూలెస్ట్ అనే ఐస్‌పెట్టె కథ బట్టబయలు చేస్తుంది. మిక్సర్, స్పీకర్ అమర్చిన ఆ పిక్నిక్ పెట్టె 2013 చివర్లో, అమెరికాలో చలి మొదలయ్యే వేళ, 1,25,000 డాలర్లు అడిగింది. 1,02,188 వచ్చాయి. వరుసలో ‘విఫలం’ అని పడింది. 2014 జూలైలో అదే మనిషి మళ్లీ వచ్చి 50,000 అడిగాడు. కోటీ 32 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి, అప్పటికి కిక్‌స్టార్టర్ చరిత్రలో అదే రికార్డు. మొదటిసారే 50,000 అడిగి ఉంటే? వచ్చిన డబ్బులో ఒక్క డాలర్ మారకపోయినా ఆ వరుస ‘సఫలం’ అయ్యేది. గెలుపు అనే మాటకు నిర్వచనమే ‘వచ్చినది అడిగినదానికి తక్కువ కాకపోవడం’ అయినప్పుడు, అడిగినది తగ్గితే గెలుపు పెరుగుతుందన్న పరిశోధన కొంతవరకు తన నీడను తానే తొక్కుకోవడం. పెబుల్ లాంటి గడియారం తయారీకి కనీసం ఎంత కావాలో ఫ్యాక్టరీ చెబుతుంది, స్ప్రెడ్‌షీట్ కాదు. అవసరానికన్నా తక్కువ అడిగి గెలిచినవారు డబ్బు చాలక మధ్యలో ఇరుక్కుపోతే ఆ సంగతి ఈ పట్టికకు పట్టదు.

లక్ష్యం తగ్గించడం వల్లే కూలెస్ట్ గెలిచిందని చెప్పలేం కూడా. రెండో ప్రయత్నానికి వేసవి వచ్చింది, డిజైన్ మెరుగుపడింది, మొదటిసారి చందా వేసినవారి జాబితా చేతిలో ఉంది. నాలుగూ ఒకేసారి మారాయి. రెండు వరుసలు పక్కపక్కన పెట్టి ఏది కారణమో తేల్చడం ఏ ఫార్ములాకూ సాధ్యం కాదు. వేలాది వరుసలున్నప్పుడు ఈ బాధ పోతుందనుకుంటాం. పోదు, పెద్ద అంకెల వెనక దాక్కుంటుంది. వరుసలను గుంపులుగా కూడి చూపే పివట్ టేబుల్‌ను నెలలవారీగా తీసుకోండి. డిసెంబరు మంచిది కాదన్నది ఈ రంగంలో తరచూ వినిపించే మాట. ఇక్కడ ఒక ఊహాలెక్క చేద్దాం, శాతాలు మాత్రం నిజమైన పట్టికకు దగ్గరగా ఉంచి. మొత్తం వరుసలను హారంగా తీసుకుంటే ఈ ఫైలులో నాటక ప్రాజెక్టులు సుమారు 60 శాతం గెలిచాయి, నృత్యం 62, టెక్నాలజీ మాత్రం 20. మేలో 100 నాటకాలు, 50 టెక్నాలజీ ప్రాజెక్టులు వచ్చాయనుకుందాం: 60, 10 గెలిచాయి, 150కి 70, అంటే 47 శాతం. డిసెంబరులో 20 నాటకాలు, 100 టెక్నాలజీ వచ్చాయి: 12, 20 గెలిచాయి, 120కి 32, అంటే 27 శాతం. పట్టిక డిసెంబరు కొంప ముంచిందంటుంది. నిజానికి ఏ విభాగానికీ ఏ నెలలోనూ అదృష్టం అణువంత మారలేదు. వచ్చిన మనుషులు మారారు. విభాగాన్ని అడ్డంగా, నెలను నిలువుగా పెట్టి గళ్లు విడగొడితే ఈ భ్రమ తొలగిపోతుంది. పివట్ టేబుల్‌లో అది ఒక్క లాగుడు పని, చేసేవారు తక్కువ.

నెలల సంగతి పక్కన పెట్టి సంవత్సరాలను చూస్తే ఇదే బొమ్మ ఊహ కాకుండా వాస్తవంగా కనిపిస్తుంది. 2014 జూన్ దాకా ప్రతి ప్రాజెక్టునూ కిక్‌స్టార్టర్ సిబ్బంది చూసి అనుమతించేవారు. ఆ నెలలో నిబంధనలు సడలించి, చాలా ప్రాజెక్టులు నేరుగా మొదలయ్యేలా తలుపు తెరిచారు. మన ఫైలులో 2013లో మొదలైనవి 44,851, 2014లో 67,745. ఒక్క ఏడాదిలో సగానికి సగం పెరిగాయి. కంపెనీ ప్రకటించిన లెక్క ప్రకారం గెలిచినవి 2013లో 19,911, 2014లో 22,252. గెలిచినవారి సంఖ్య పెరిగింది, గెలుపు శాతం పడిపోయింది. జనానికి చందాల మీద మోజు తగ్గిందని రాసినవారు ఉంటే వారు హారాన్ని చూడలేదన్నమాట. పట్టిక మీద గీత కిందికి దిగిన చోట నిజంగా జరిగింది గేటు దగ్గర కాపలా మారడం. అన్ని సంవత్సరాలనూ కలిపేసి నెలలవారీగా చూసేవారికి ఆ ఏడాది వెల్లువ రెండో సగం నెలల మీద బరువై కూర్చుంటుంది. జూలై నెల చేయని నేరానికి జూలైకి శిక్ష.

కిక్‌స్టార్టర్ గణాంకాల పేజీ చాలాకాలం ఒక ఆశాజనకమైన మాట చెప్పేది: అడిగినదానిలో 20 శాతం దాటిన ప్రాజెక్టుల్లో 78 శాతం గెలిచాయి. దీన్ని చదివి, ఎలాగోలా బంధువుల చేత మొదటి 20 శాతం వేయిస్తే మిగతాది దానంతటదే వస్తుందని సలహా ఇచ్చేవారు పుట్టుకొచ్చారు. పదో తరగతి ప్రీఫైనల్‌లో మంచి మార్కులు వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది పబ్లిక్ పరీక్ష పాసవుతారు. అది చూసి ప్రీఫైనల్ పేపర్లను ధారాళంగా దిద్దించి మార్కులు వేయిస్తే పాసు శాతం పెరుగుతుందా? 20 శాతం అన్నది మందు కాదు, థర్మామీటర్. మొదటి రోజుల్లో చందా చూసి తర్వాతివారు ధైర్యం చేసే మాట కొంత నిజమే కావచ్చు. ఆ వాటా ఎంతో ఈ పట్టికలోంచి విడదీయలేం, ఎందుకంటే ఆ చందా మేనమామ వేశాడా, ముక్కూ మొహం తెలియని మనిషి వేశాడా అన్న కాలమ్ అందులో లేదు.

ఈ జాగ్రత్తలన్నీ పాటించి మరీ సన్నగా విడగొట్టుకుంటూ పోతే ఇంకో గోతిలో పడతాం. పదిహేను విభాగాలు, పన్నెండు నెలలు, పన్నెండు లక్ష్య శ్రేణులు అంటే 2,160 గళ్లు. దేశాలు కూడా కలిపితే చాలా గళ్లలో నాలుగైదు వరుసలే మిగులుతాయి. ఒక్కో ప్రాజెక్టు గెలిచే వీలు 40 శాతమే అనుకున్నా, ఐదు వరుసలున్న గడిలో ఐదూ గెలవడం వందకు ఒకసారి కేవలం అదృష్టం వల్ల జరుగుతుంది. అలాంటి గళ్లు వెయ్యి ఉంటే వాటిలో పదింటిలో నూరు శాతం మెరుస్తుంది. ఎక్సెల్‌లో రంగులేసే సదుపాయం ఉంది కనుక అవి పచ్చగా కళకళలాడతాయి కూడా. ‘మార్చిలో, నాలుగు వేల డాలర్ల లోపు, కెనడా నుంచి కామిక్స్’ అన్నది బంగారు గని అని ఎవరో ప్రకటిస్తారు. గడిలో శాతం పక్కన వరుసల సంఖ్య కూడా కనిపించేలా పెట్టుకోవడం ఈ జబ్బుకు చవకైన మందు. ఏదైనా గడి మెరిసినప్పుడు దాన్ని నమ్మేముందు వేరే ఏడాది వరుసల్లో అదే మెరుపు ఉందా అని చూడాలి. పాత ఏడాది వరుసల్లో దొరికిన సూత్రం కొత్త ఏడాది వరుసల్లో నిలబడితేనే దాన్ని సూత్రం అనాలి.

ఇదంతా ఎక్సెల్ లాంటి పసివాళ్ల పనిముట్టు వాడటం వల్ల వచ్చిన తంటా అని, పైథాన్‌లోనో ఆర్‌లోనో చేస్తే రాదని వృత్తి నిపుణులు అనవచ్చు. అందులో కొంత నిజముంది. కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ 2010లో ప్రభుత్వ అప్పుల మీద రాసిన ప్రసిద్ధ పత్రంలో ఎక్సెల్ సగటు ఫార్ములా ఐదు దేశాల వరుసలను వదిలేసిందని 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ పట్టుకున్నప్పుడు ప్రపంచమంతా ఎక్సెల్‌ను తిట్టింది. హెర్న్‌డన్ బృందం తేల్చిన వివరం చదివితే మాత్రం, మొత్తం తేడాలో ఆ ఫార్ములా తప్పు వాటా చిన్నదే. పెద్ద వాటా ఏ దేశాల ఏ సంవత్సరాలను లెక్కలోకి తీసుకున్నారు, ఒక్కో దేశానికి ఎంత బరువు ఇచ్చారు అన్న ఎంపికలది. అంటే హారానిది. అది పైథాన్‌లో చేసినా అలాగే తప్పేది, కాకపోతే ఇంకా వేగంగా. పైగా ఎక్సెల్‌కు ఒక పల్లెటూరి సుగుణం ఉంది: ప్రతి గడీ కంటికి కనిపిస్తుంది. 1970 జనవరి 1 అన్న తేదీని స్క్రోల్ చేస్తూ చూసిన మనిషి ఆగిపోతాడు. నూరు పంక్తుల కోడ్ రాసిన మనిషి ఆ ఏడు వరుసలను చూడకుండానే దాటిపోవచ్చు.

ఇంకో ఆక్షేపణకు మరింత బలం ఉంది. కారణాలు చెప్పలేని, సలహాలు ఇవ్వలేని పట్టిక ఎందుకు? కారణం చెప్పలేకపోయినా హద్దు చెప్పగలదు, అది తక్కువ సంగతి కాదు. టెక్నాలజీ పరికరంతో దిగేవారికి తమ ఆలోచన ఎంత గొప్పదో తెలుసు, పక్కవారి ఆలోచన ఎంత గొప్పదో తెలియదు. ఆ విభాగంలో 32,569 మంది అలాగే అనుకుని దిగారు, ఐదుగురిలో ఒకరు గట్టెక్కారు. అంచనా అక్కడ మొదలుపెట్టి, తమ దగ్గర నిజంగా ఉన్న ఆధారాలను బట్టి పైకో కిందికో జరపాలి. ‘మనకు డెబ్బై శాతం ఖాయం’ అని సమావేశంలో ఒకరన్నప్పుడు, ఏ అంకె నుంచి బయల్దేరి అక్కడికి చేరారని అడగడానికి పట్టిక పనికొస్తుంది. కొందరి గాలిమేడలను కూల్చడానికీ పనికొస్తుంది: డబ్బు ఎక్కువ అడిగితే సీరియస్‌గా తీసుకుంటారన్న నమ్మకాన్ని ఆ దిగుడు మెట్లు సమర్థించవు. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని ఈ అంకెలను తమకు అన్వయించుకునేవారు మాత్రం దేశం కాలమ్‌ను ఒకసారి ఫిల్టర్ చేసి చూడాలి. ఇరవై రెండు దేశాలున్నాయి, భారతదేశం లేదు. ఇక్కడ కెట్టో, మిలాప్ లాంటి వేదికల మీద ఎక్కువగా కనిపించేవి ఆసుపత్రి ఖర్చుల అభ్యర్థనలు. అక్కడ అడిగినంత రాకపోయినా వచ్చినది తీసుకోవచ్చు. గెలుపోటములనే మాటలకే అక్కడ అర్థం వేరు. బ్రూక్లిన్ నాటక బృందం శాతాన్ని తెచ్చి నిజామాబాద్ కిడ్నీ ఆపరేషన్‌కు తగిలించలేం.

చివరగా పట్టికలో లేని ఒక కాలమ్. ‘సఫలం’ అంటే డబ్బు చేరిందనే, వస్తువు చేరిందని కాదు. 2015లో మొలిక్ సుమారు 47,000 మంది మద్దతుదారులను అడిగి తేల్చిన ప్రకారం, డబ్బు చేరిన ప్రాజెక్టుల్లో తొమ్మిది శాతం చెప్పిన బహుమతులను ఇవ్వలేకపోయాయి. ఇచ్చినవాటిలోనూ చెప్పిన తేదీకి ఇవ్వనివి ఎన్నో. డిజైన్, టెక్నాలజీ రంగాల్లో మూడొంతులకు పైగా ఆలస్యమయ్యాయని ఆయన ముందటి అధ్యయనం చూపించింది. ఇవి విడిగా ఆరా తీస్తే తెలిసిన సంగతులు, ఫైలులోంచి వచ్చినవి కావు. కూలెస్ట్ ఐస్‌పెట్టెకు 62,642 మంది చందా వేశారు. తయారీ ఖర్చు అంచనాలు మించింది, ఏళ్లు గడిచాయి, 2019 డిసెంబరులో కంపెనీ మూతపడేనాటికి సుమారు 20,000 మందికి పెట్టె అందలేదు. ఎక్సెల్‌లో ఆ పేరును వెతికితే రెండు వరుసలు దొరుకుతాయి. ఎవరి దగ్గరా ఒక్క డాలర్ తీసుకోని 2013 వరుస పక్కన ‘విఫలం’ అని ఉంటుంది. ఇరవై వేల మందికి పెట్టె చేరని 2014 వరుస పక్కన ‘సఫలం’ అని ఉంటుంది.